దిద్దడం: ఇసుకలో మొదలైన మన రాత

తెలుగులో 'దిద్దు' అనే క్రియ ఒకటుంది. రోజూ వాడతాం కాబట్టి దాని విచిత్రం మనకి తట్టదు. పిల్లలు అక్షరాలు దిద్దుతారు. పంతులుగారు తప్పులు దిద్దుతారు. అమ్మ పాపకి బొట్టు దిద్దుతుంది. ఒకరు రాసిపెట్టిన అక్షరం మీద వేలో బలపమో మళ్లీ మళ్లీ పోనివ్వడాన్నీ, తప్పుని సరిచేయడాన్నీ మనం ఒకే మాటతో పిలుస్తాం. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. మొదటిది పిల్లలు చేసే పని, రెండోది టీచరు ఎర్రసిరాతో చేసే పని. మన మాటలో ఆ రెండూ విడిపోలేదు.

ఆ మాట రోజూ వినబడిన చోటు వీధిబడి. అక్కడ పిల్లలు దేని మీద రాసేవాళ్లు, దేనితో రాసేవాళ్లు అన్నది చాలా చిన్న సంగతిలా కనిపిస్తుంది. కానీ చిన్నపిల్లల చేతికి రాత ఎలా అలవడాలి అని ఇవాళ మనం పడుతున్న తంటాలకి సగం జవాబు అందులో ఉందని నా అభిప్రాయం. మిగతా సగం, ఆ బడిలోకి ఎవరు రాలేకపోయారు అన్నదానిలో ఉంది. ఈ రెండు సగాలనీ కలిపి చూడాలని ఈ వ్యాసం.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన కలెక్టర్లందరినీ ఒక లెక్క అడిగాడు. మీ జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎవరు చదువుతున్నారు, ఏం చదువుతున్నారు? చాలామంది పట్టికలు పంపి ఊరుకున్నారు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టులో పెద్ద ఉత్తరమే రాశాడు. ఈయన మన భాష తెలియని అధికారి కాడు. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని ఎల్లిస్ చేసిన వాదన వెలువడింది కూడా ఆ పుస్తకంలోనే. అప్పటి బళ్లారి జిల్లాలో ఇప్పటి అనంతపురం కలిసి ఉండేది. జిల్లా మొత్తంలో 533 బడులు. వాటిలో 235 కన్నడం, 226 తెలుగు. మిగతావి మరాఠీ, సంస్కృతం, పర్షియన్, తమిళం. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి.

ధరంపాల్ ఈ ఉత్తరాల్ని 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ' పుస్తకంలో అచ్చువేశాక వాటి మీద చాలా చర్చ జరిగింది. ఆంగ్లేయులు రాకముందు మనకి చదువుందా లేదా, ఉంటే ఎంతమందికుంది అన్నదే ఆ చర్చంతా. అది అవసరమైన చర్చే. కానీ ఆ గొడవలో క్యాంప్‌బెల్ రాసిన కొన్ని వాక్యాలు ఎవరికీ పెద్దగా పట్టలేదు. పిల్లవాడి వేలు మొదట దేన్ని తాకింది అన్నది ఆయన పూసగుచ్చినట్టు చెప్పాడు.

వరస ఇదీ. ఐదేళ్లొచ్చాక పంతులుగారినీ, బడి పిల్లలనీ ఇంటికి పిలుస్తారు. వినాయకుడి బొమ్మ ఎదురుగా పిల్లవాడిని కూర్చోబెడతారు. పంతులుగారు వాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయిస్తారు. ఇది మనకి తెలిసిన అక్షరాభ్యాసమే. ఆ తర్వాత బడిలో నేల మీద పోసిన ఇసుకలో వేలితో అక్షరాలు రాస్తాడు. అక్షరాన్ని ముందు పలకడం, తర్వాత ఎప్పుడో రాయడం కాదు. రాస్తూనే నేర్చుకుంటాడు. యూరప్ పద్ధతికీ దీనికీ తేడా ఇదేనని క్యాంప్‌బెల్ ప్రత్యేకంగా చెప్తాడు. ఇసుకలో వేలు బాగా తిరిగాకే వాడికి పనిముట్టు చేతికొస్తుంది. తాటాకు మీద ఇనప గంటమో, కాయితం మీద రెల్లు కలమో, లేకపోతే పలక మీద బలపమో.

ఆ పలక మనకి తెలిసిన రాతిపలక కాదు. అడుగు వెడల్పు, మూడడుగుల పొడుగున్న చెక్క. నున్నగా చిత్రికపట్టి, అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూస్తారు. రెండో రకం, గుడ్డకి గంజిపెట్టి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గూ జిగురులూ కలిపి పట్టించినది. దీన్నే కడితం అంటారు. రెంటి మీద రాసిందీ తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. రాయడానికి తెల్లటి మెత్తరాయి ముక్క. అదే మన బలపం. మార్కాపురం రాతిపలకలకి పేరొచ్చిందీ, ఇంటింటికీ చెక్క చట్రం కట్టిన నల్ల పలక చేరిందీ ఆ తర్వాతి కథ.

ఇప్పుడు ఈ వరసని ఇంకోసారి చూడండి. బియ్యం, ఇసుక, ఆ తర్వాతే పలకో గంటమో కాయితమో. మొదటి రెండింటికీ పనిముట్టే లేదు, వేలే పనిముట్టు. బియ్యంలోనూ ఇసుకలోనూ పలక మీదా తప్పు నిలవదు. అరచేత్తో ఒకసారి రాస్తే ఇసుక మళ్లీ ఖాళీ. తడిగుడ్డ పెడితే పలక మళ్లీ ఖాళీ. గీస్తే చెరగని తాటాకూ, ఖరీదైన కాయితమూ ఇసుక తర్వాతే వస్తాయి. అప్పటికి అక్షరం ఆకారం చేతికి వచ్చేసి ఉంటుంది. రోజంతా కోడ్ రాసి బతికేవాడిగా నాకు దీని విలువ బాగానే తెలుసు. వెనక్కి తీసుకునే వీల్లేని చోట ఎవడూ ధైర్యంగా ప్రయోగాలు చేయడు.

'దిద్దు' అన్న మాట రెండర్థాలూ ఒకే పనిలో కలిసే చోటు ఇదే. ఇసుకలో పంతులుగారు రాసిన గాడిలో పిల్లవాడి వేలు పోతుంది. పక్కకి జరిగితే, మళ్లీ అదే గాడిలో పోతుంది. తప్పు రాయడమూ, దాన్ని సరిచేసుకోవడమూ ఒకే వేలు, ఒకే కదలిక. పక్కన ఇంకో రంగు సిరా లేదు.

ఇది ఎవరో పిల్లల మనస్తత్వం చదువుకుని కనిపెట్టిన పద్ధతి కాదు. లేమి కనిపెట్టింది. కాయితం దొరకదు, దొరికినా కొనలేరు. ఇసుక ఊరికే దొరుకుతుంది. క్యాంప్‌బెల్‌కి నచ్చింది కూడా ఆ పొదుపే. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి నేర్పే పద్ధతినీ, ఈ చవకైన రాతనీ ఆయన మెచ్చుకుని, ఇంగ్లండ్ వీటిని అనుకరించడం సబబేనన్నాడు.

ఇంగ్లండ్ అనుకరించడమేమిటి అంటారా? దానికి ముప్ఫై ఏళ్ల కిందటి ఇంకో కథ ఉంది. స్కాట్లండ్‌లో పుట్టిన ఆండ్రూ బెల్ అనే పాదిరీ 1787లో మద్రాసు చేరాడు. రెండేళ్లకి ఎగ్మూరులో, కంపెనీ సైనికులకి పుట్టిన అనాథ మగపిల్లల ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒకనాడు గుర్రం మీద పోతూ, నేల మీద ఇసుక పరుచుకుని వేళ్లతో రాసుకుంటున్న బడి పిల్లల్ని చూశాడు. ఆనాటి ఇంగ్లీషువాళ్లు తమిళుల్ని కూడా 'మలబారు' వాళ్లనే పిలిచేవాళ్లు కాబట్టి ఆయన దాన్ని మలబారు బడి అన్నాడు. ఆశ్రమానికి తిరిగొచ్చి, కింది తరగతికి ఇలా ఇసుకలో నేర్పమని ఉపాధ్యాయుడికి చెప్పాడు. ఆయన కుదరదన్నాడు. బెల్ అప్పుడు జాన్ ఫ్రిస్కిన్ అనే ఎనిమిదేళ్ల కుర్రాడిని, ఒక మామూలు సిపాయి కొడుకుని, పిలిచి ఆ పని అప్పజెప్పాడు. వాడు నేర్పాడు. బెల్ 1796లో తిరిగి వెళ్లి, మరుసటేడు లండన్‌లో ఈ ప్రయోగం గురించి పుస్తకం అచ్చువేశాడు. దానికే మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. కొద్దికాలానికే జోసెఫ్ లంకాస్టర్ కూడా ఇలాంటి బడులు నడిపాడు. లండన్ పేదపిల్లలు ఇసుక పోసిన బల్లల ముందు కూర్చుని వేలితో అక్షరాలు రాశారు.

మన ఇసుక సముద్రం దాటిందని గర్వపడటం తేలికే. దాటుతూ ఏం పోగొట్టుకుందో కూడా చూడాలి. బెల్, లంకాస్టర్‌ల బడుల్లో ఒక్కో గదిలో వందలమంది పిల్లలు. అందరూ వరసల్లో కూర్చుని, ఆజ్ఞ వినగానే ఒకేసారి రాసి, ఒకేసారి చెరిపేయాలి. ఇసుక అక్కడ తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి నేర్పే యంత్రంలో ఒక భాగమైంది. ఒక పిల్లవాడి వేలికి కావలసినంత సమయం ఇవ్వడం దాని పని కాదు.

ఆ రెండో పని గురించి ఆలోచించిన మనిషి నూరేళ్ల తర్వాత వచ్చింది. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పేదల వాడలో పెట్టిన బాలల గృహంలో గరుకు కాయితంతో అక్షరాలు కత్తిరించి, నున్నటి అట్టల మీద అంటించింది. పిల్లలు వాటి మీద వేళ్లు పోనిస్తారు. గాడి తప్పితే వేలికే తెలుస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. చదవడం కంటే రాయడమే ముందొస్తుందని ఆమె గమనించింది. ఆమెకి ఆ దారి చూపింది ఇటార్, సెగ్విన్ అనే ఫ్రెంచి వైద్యులు, మన బడులు కావు. కానీ 1939లో ఆమె మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం మూలంగా ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి, మన ఉపాధ్యాయులకి ఆ గరుకు అక్షరాల పద్ధతి నేర్పింది. బెల్ ఇసుక బడిని చూసిన ఊరది. నూటయాభై ఏళ్లు గడిచేసరికి అదే కిటుకు ఆ ఊరికి కొత్త శాస్త్రంగా వచ్చింది. ఈ మధ్యలో మనం దాన్ని పాత చింతకాయ పచ్చడిలా చూడటం మొదలుపెట్టాం.

సరే, ఇంతవరకూ మంచి సగం. రెండో సగం కూడా క్యాంప్‌బెల్ ఉత్తరంలోనే ఉంది.

అదే బడిలో పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారట. రెండోవాడి చేతిలో సున్న. వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఇక వచ్చినవాడికి వచ్చినట్టు ఒక్కొక్కటి పెరుగుతుంది. అంటే తప్పుని క్షమించే ఇసుక పక్కనే, ఆలస్యాన్ని క్షమించని బెత్తం ఉంది. చదివినదానికి అర్థం తెలియకుండా చిలకపలుకుల్లా వల్లించడం గురించి కూడా ఆయన గట్టిగానే ఫిర్యాదు చేశాడు. వీధిబడిని బంగారు యుగంగా చూపించాలనుకునేవాళ్లు ఈ పేజీలు దాటేయడం నాకు న్యాయంగా అనిపించదు.

అసలు దెబ్బ అంకెల్లో ఉంది. జిల్లా జనాభా 9,27,857. బడుల్లో పిల్లలు 6,641. వెయ్యిమంది జనానికి సుమారు ఏడుగురు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60. తెలుగు జిల్లాల పట్టికల్లో బ్రాహ్మణ, వైశ్య పిల్లల వాటా జనాభాలో వాళ్ల వాటా కంటే చాలా ఎక్కువ. ఇసుక ఊరికే దొరికేదే. కానీ అరుగు ఎవరిదో ఒకరిది. దాని మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు ఆ వీధిలోకే రాకూడదో ముందే తేలిపోయి ఉండేది.

ఆ 60 దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే బడికి రాని ఆడపిల్లల చేతులు ఖాళీగా ఏమీ లేవు. పొద్దున్నే అదే నేల మీద, అదే బొటనవేలూ చూపుడువేలూ కలిపి, పిండితో చుక్కలు పెట్టి మెలికలు తిప్పి ముగ్గు వేసేవి. చుక్క నుంచి చుక్కకి దూరం కొలవడం, చెయ్యి ఆపకుండా వంపు తిప్పడం, మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలపడం, చెదిరితే చెరిపి మళ్లీ వేయడం. రాతకి కావలసినవన్నీ ఇవే. తెలుగు అక్షరాల్లో నిటారు గీతలు తక్కువ, వంపులు ఎక్కువ. ముగ్గు వచ్చిన చేతికి 'ఱ' ఎంతసేపు? చేతికి సామర్థ్యం లేక రాత రాలేదనడానికి లేదు. అక్షరాన్ని ఆ చేతికి ఇవ్వలేదు, అంతే.

ఇవ్వడానికి ఇంకో యాభై, తొంభై ఏళ్లు పట్టింది. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచాడు. 1910లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదు ఇసామియా బజారులో దళిత పిల్లలకి బడి పెట్టాడు. అదే 1910లో గురజాడ 'దిద్దుబాటు' అచ్చయింది. ఆ కథని భర్తకి బుద్ధిచెప్పిన భార్య కథగా చదువుతాం. ఇప్పుడు చదివితే నాకు ఇంకోటి కనిపిస్తుంది. కమలిని చేతిలో ఉన్న ఆయుధం రాత. ఆమె ఉత్తరం రాసిపెట్టింది కాబట్టే గోపాలరావు కదిలాడు. అక్షరాలు దిద్దిన చెయ్యి, తనకి అక్షరాలు నేర్పిన మనిషినే దిద్దింది. పేరు పెట్టేటప్పుడు గురజాడ ఈ రెండర్థాలూ తలచుకున్నాడో లేదో గానీ, ఆ మాటలో రెండూ ఉన్నాయి.

ఇవాళ్టికి వద్దాం. అరుగు పోయింది. కనీసం చట్టం ప్రకారం, బడి అందరిదీ. చాలా పెద్ద గెలుపది. కానీ ఈ లోపల ఇసుక కూడా పోయింది. మా పాప నర్సరీలో చేరిన రెండో వారం నుంచే నాలుగు గీతల పుస్తకం, సన్నటి పెన్సిలు. మొదటి అక్షరం ఇంగ్లీషు పెద్ద 'ఏ'. చుక్కల మీద పెన్సిలు పోనిచ్చి పేజీ నింపాలి. గీత దాటితే ఎర్రసిరాతో సున్న. ఇది ఒక్క బడి గొడవ కాదు, నేను అడిగిన తల్లిదండ్రులందరి ఇళ్లలోనూ ఇదే.

ఇందులో చిక్కేమిటంటే, చెయ్యి ఎదిగే వరస వేరు. భుజం, మోచెయ్యి ముందు కుదురుకుంటాయి. మణికట్టూ వేళ్లూ తర్వాత. మణికట్టులో ఎనిమిది ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. వాటిలో ఏడు ఎముకగా మారడం మొదలయ్యేసరికి ఆరేడేళ్లొస్తాయి. గీతల సంగతీ అంతే. దాదాపు మూడేళ్లకి నిలువుగీత, అడ్డగీత, సున్న వస్తాయి. నాలుగేళ్లకి కూడిక గుర్తు వస్తుంది. వాలుగీతలు కలిపే త్రికోణానికి ఐదేళ్లు దాటాలి. ఇంగ్లీషు 'ఏ' అంటే రెండు వాలుగీతలూ, మధ్యలో ఓ అడ్డగీతా. మూడేళ్ల పిల్లకి అన్నిటికంటే కష్టమైనదాన్ని మొదటి రోజు ఇస్తున్నాం. మన దగ్గర సున్న అక్షరమే. మూడేళ్ల పిల్ల సున్న చుడితే, అది బొమ్మా అవుతుంది, అంకే అవుతుంది, తెలుగు రాతా అవుతుంది.

పాత బడిని మళ్లీ కట్టమని అనను. బెత్తం మనకొద్దు, ఆ అరుగూ వద్దు. ఆ వరసని మాత్రం తెచ్చుకోవచ్చు. అంచున్న పళ్లెంలో బియ్యమో రవ్వో ఇసుకో పోసి వేలితో పెద్దగా రాయించడం. గోడకి ఆనించిన నల్లబల్ల మీద నిలబడి, భుజం నుంచి చెయ్యంతా తిప్పుతూ రాయనివ్వడం. పలక ఇచ్చి, పొడుగాటి బలపం బదులు చిన్న ముక్క ఇవ్వడం. ముక్క చిన్నదైతే పిడికిలితో పట్టుకోవడం కుదరదు, వేళ్లు వాటంతటవే ముందుకొస్తాయి. అక్షరాలు వర్ణమాల క్రమంలోనే రావాలని లేదు. 'ఓం నమః శివాయ సిద్ధం నమః' అని మొదలుపెట్టడం వల్లే మన అక్షరాలకి ఓనమాలని పేరొచ్చింది. అంటే పాత బడి కూడా 'అ'తో మొదలుపెట్టలేదు. ఆకారం కలిసే అక్షరాల్ని గుంపులుగా ఇవ్వొచ్చు. 'వ' వచ్చిన చేతికి 'ప', 'మ', 'ష' దగ్గరే. 'ద' వస్తే 'డ', 'ధ', 'ఢ' దానివెంట వస్తాయి. 'గ'కి 'శ' చుట్టం. తలకట్టు ఒకసారి అలవాటైతే చాలా అక్షరాలకి పనికొస్తుంది. చివరికి పెన్సిలూ కాయితమూ.

ఫోన్లొచ్చాక రాతతో పనేముంది అని నా తోటి ఇంజనీర్లే అడుగుతారు. మనలో చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, ఫోను తెలుగులోకి మార్చి చూపిస్తే చదువుతున్నాం. కీబోర్డు మీద 'క'కీ 'ఖ'కీ వేలు చేసే పని ఒకటే, నొక్కడం. ఆకారం చేతిలో ఉండదు, తెర మీద ఉంటుంది. పెద్దయ్యాక అది సరిపోవచ్చు. మొదటిసారి అక్షరాన్ని కలుసుకుంటున్న పిల్లకి మాత్రం, వంపు తిరిగిన దారి తెలిసిన వేలుకంటే మంచి జ్ఞాపకం లేదు.

పిల్లల రాత గురించి ఇంట్లో, బడిలో మాట్లాడుకునేటప్పుడు మనం అడగాల్సినవి రెండే. ఈ పిల్ల తప్పు రాస్తే తనే తుడిచేసుకోగలిగే చోటు ఉందా? ఆ చోటు ఊళ్లో పిల్లలందరికీ ఉందా? బళ్లారిలో 1823 నాటి బడిని అడిగితే మొదటిదానికి అవుననీ, రెండోదానికి లేదనీ చెప్తుంది. మన బడి రెండోదానికి చాలావరకు అవుననే చెప్పగలదు. మొదటిదానికి కూడా అవుననాలంటే పెద్ద ఖర్చేం లేదు. ఒక పళ్లెం, రెండు గుప్పెళ్ల ఇసుక చాలు.